మించరాదు, తగ్గరాదు: బడ్జెట్టు లెక్కలలో అసమీకరణములు

ఉల్లిపాయల టోకు వ్యాపారమునకు తాడేపల్లిగూడెము పెట్టినది పేరు. కర్నూలు సీమనుండియు మహారాష్ట్రమునుండియు లారీలపై వచ్చిన సరుకు ఇచ్చటి మార్కెట్టులో దిగి, గోదావరి మండలములలోని పల్లెపల్లెకును చేరుచుండును. ఒక చిన్న హోటలు యజమాని 1,500 రూపాయలు జేబులో వేసికొని ఆ మార్కెట్టునకు బయలుదేరెననుకొందము. రాకపోకలకు ఆటో కిరాయి 180 రూపాయలు. ఉల్లి ధర కిలో 24 రూపాయలు. (ఈ వ్యాసములోని ధరలన్నియు లెక్క నడచుటకై కల్పించుకొన్నవే గాని ఏనాటి బజారు ధరలును కావు.) బడిలో ఈ లెక్క నిచ్చినచో 'అతడెన్ని కిలోలు కొనెను?' అని యడుగుదురు. పిల్లలు 55 అని వ్రాయుదురు. అంతటితో లెక్క ముగియును. కాని యజమాని మనసులో మెదలు ప్రశ్న వేఱు. సరుకు తడిసియున్నచో తగ్గించి కొందునా, ఇంటికి కూరగాయలకై నూఱు రూపాయలు మిగుల్చుకొందునా, రేపు ధర పెరుగునను మాట నిజమైనచో ఉన్నదంతయు ఉల్లికే పెట్టుదునా అను తర్కవితర్కముల నడుమ అతడు తెలిసికొనగోరునది, తాను ఎంతవరకు పోవచ్చునో ఆ హద్దును మాత్రమే.

ఈ హద్దును చెప్పు గణితవాక్యమునకు అసమీకరణమని పేరు. సమీకరణము రెండు పక్షములు సమానమని చెప్పును. అసమీకరణము ఒక పక్షము రెండవదానిని మించదనియో, దానికి తగ్గదనియో చెప్పును. చూచుటకు ఇది స్వల్పభేదము. అయినను సంసారము నడపువారికి, పంట పెట్టువారికి, ప్రభుత్వపు పద్దు వ్రాయువారికి నిత్యము ఎదురగు లెక్కలలో పెక్కు ఈ రెండవ జాతివే. జేబులోని ధనమును చివరి పైసవరకు వ్యయపఱుపవలెనను నియమము ఎవరికిని లేదు. దానిని మించి వ్యయపఱుపరాదను నియమము మాత్రము అందఱకును కలదు.

మన ప్రాచీనులు అంకగణితమునందు వెనుకబడినవారు కారు. తొమ్మిదవ శతాబ్దమున, రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలములో, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచింపగా, పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. పండ్లు, ముత్యములు, తుమ్మెదలు మొదలగు వస్తువులతో అల్లిన ఆ కాలపు లెక్కలు ఎంత రమణీయములైనను, ప్రాయికముగా ఒక నిశ్చితసంఖ్య యొద్దకే చదువరిని నడిపించుకొనిపోవును. హద్దులకు ప్రత్యేకముగా గుర్తులు పుట్టుట చాలా తరువాతి మాట. 'ఇది దానికంటె పెద్దది', 'ఇది దానికంటె చిన్నది' అని చెప్పు కోణాకార చిహ్నములు ఆంగ్లేయుడైన థామస్ హారియట్ గ్రంథములో, ఆయన మరణించిన పది సంవత్సరములకు, 1631లో మొదట అచ్చుపడినవి. వానికి సమత్వరేఖను జోడించి 'మించనిది', 'తగ్గనిది' అను అర్థములను కల్పించినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్ బూగే. అది 1734వ సంవత్సరము. బజారులో మనకు పనికివచ్చునవి బూగే గుర్తులే. ఏలయనగా, జేబులోనున్న 1,500ను సరిగా వ్యయపఱచుట నిషిద్ధము కాదు. 1,501 వ్యయపఱచుటయే అసాధ్యము.

ఇక లెక్కకు వత్తము. భాస్కరాచార్యుడు మొదలగు బీజగణితజ్ఞులు తెలియని రాశిని యావత్తావత్ అనియు, రెండవదానిని కాళకమనియు పేర్కొని, వాని మొదటి అక్షరములతో లెక్కలు సాగించిరి. ఆ సంప్రదాయము ననుసరించి కొనబోవు ఉల్లి కిలోలను 'య' అందము. అప్పుడు మాటల లెక్క యిట్లు మాఱును:

24య + 180 ≤ 1500

రెండు పక్షములనుండి 180ని తీసివేసినచో 24య ≤ 1320; రెండింటిని 24చే భాగించినచో య ≤ 55. హోటలు నాలుగు దినములు నడచుటకు 30 కిలోలకు తగ్గకుండ ఉల్లి కావలయునన్నచో దానికి 30 ≤ య అను మఱియొక నియమము తోడగును. రెండును కలిసి 30 మొదలు 55 వఱకు గల సంఖ్యలన్నిటిని అతనికి అప్పగించును. బడిలెక్క చెప్పిన 55 ఈ విశాలమైన గదిలో ఒక గోడ మాత్రమే.

మాటలనుండి గుర్తులకు మాఱునప్పుడు ఏ రాశి ఎవరికి హద్దో మొదట తేల్చుకొనవలెను. చేతిలోని ధనము, బండిలోని చోటు, దినమునందలి గంటలు మించరాని హద్దులు. కడుపునకు కావలసిన తిండి, చెల్లింపవలసిన వాయిదా, కూలివానికి ఇయ్యవలసిన కనీసవేతనము తగ్గరాని హద్దులు. ఒకే బడ్జెట్టులో ఈ రెండు జాతులును ఎదురెదురుగా నిలిచియుండును. వాని నడుమనున్న ఎడమే మనము మెలగుటకు చోటు.

సమీకరణములతో చెలిమి చేసినవారు ఇచ్చట తడబడు తావు ఒకటి కలదు. తాడేపల్లిగూడెములో 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో చదువు విద్యార్థి ఒకడు చేతిఖర్చునకై 5,000 రూపాయలు తెచ్చుకొనెననియు, సెలవులలో ఇంటికి పోవుటకు 1,500కు తగ్గకుండ నిలువయుంచుకొనదలచెననియు, దినమునకు 140 రూపాయలు వ్యయపఱచుచుండెననియు అనుకొందము. దినముల సంఖ్య 'య' అయినచో:

5000 − 140య ≥ 1500

5000ను తీసివేయగా −140య ≥ −3500 అని వచ్చును. ఇప్పుడు ఋణసంఖ్యయైన −140చే భాగింపవలెను. భాగించినతోడనే గుర్తు తిరుగబడి య ≤ 25 అగును. దీనిని సూత్రముగా కంఠస్థము చేసినవారు మఱచిపోవుట సహజము, కారణమెఱిగినవారు మఱువరు. ఏడు రూపాయల ఆస్తి కలవాడు నాలుగు రూపాయల ఆస్తి కలవానికంటె పైమెట్టున నుండును. ఏడు రూపాయల అప్పు కలవాడు మాత్రము నాలుగు రూపాయల అప్పు కలవానికంటె క్రిందిమెట్టున నుండును. ఋణచిహ్నము ఆస్తులను అప్పులుగా మార్చునది కావున, మెట్ల వరుసయు దానితోపాటు తలక్రిందులగును.

పై అసమీకరణమునే వేఱొక వైపునుండి ప్రశ్నింపవచ్చును. ఆ విద్యార్థికి 25 దినములు చాలవు, 30 దినములు గడుపవలయును. అప్పుడు దినములు తెలిసినవి, దినవ్యయము తెలియనిది: 30క ≤ 3500, అనగా క ≤ 116.67. రూపాయలలో 116, అంతకు మించరాదు. ఒక నియమము రెండు ప్రశ్నలకు బదులు చెప్పినది: ఈ తీరున నడచినచో ఎన్నాళ్ళు నిలుతును, ఇన్నాళ్ళు నిలువవలెనన్నచో ఏ తీరున నడువవలెను.

ఇచ్చట 116.67ను 117గా సవరింపక 116గా తగ్గించితిమి. సమీపసంఖ్యకు సవరించుట బడి అలవాటు. హద్దుల లెక్కలలో ఆ అలవాటు పనికిరాదు. 117 చొప్పున 30 దినములకు 3,510 అగును, నిలువయుంచదలచిన 1,500లో పది రూపాయలు తఱుగును. తగ్గరాని నియమమైనచో వ్యవహారము దీనికి విపరీతము. ఏలూరునుండి 47 మంది బాలబాలికలను కైకలూరు దాపుననున్న ఆటపాక పక్షికేంద్రమునకు, గూడబాతులను చూపుటకై, వ్యానులలో తీసికొనిపోవలెను. ఒక్కొక్క వ్యానులో తొమ్మండుగురకే చోటు. 9య ≥ 47, కావున య ≥ 5.22. సమీపసంఖ్య 5; కాని అయిదు వ్యానులు తెచ్చినచో ఇద్దఱు పిల్లలు రోడ్డుమీద మిగులుదురు. ఆఱు కావలెను. మించరాని దానిని క్రిందికి, తగ్గరాని దానిని పైకి సవరించుట సముచితము.

ఒక వస్తువు కొనునప్పుడు హద్దులు సంఖ్యారేఖపై బిందువులుగా నుండును. రెండు వస్తువులు వచ్చినతోడనే అవి కాగితముపై గీతలగును. అసమీకరణముల సొగసు అచ్చటనే బయటపడును గాన, కొల్లేటి సీమనుండి ఒక ఉదాహరణమును నిదానముగా పరిశీలింతము. కైకలూరు ప్రాంతమున చేపల చెఱువుల రైతులు బొచ్చె, శీలావతి చేపలకు నూనె తీసిన తవుడు, వేరుశనగచెక్క మేతగా వేయుదురు. తవుడు చవుక, చెక్క ప్రియము. చెక్కలో మాంసకృత్తులు అధికము. ఒక రైతు చేతిలో 24,000 రూపాయలున్నవి. తవుడు బస్తా 800, చెక్క బస్తా 2,400 రూపాయలు అనుకొందము. తవుడు బస్తాలు 'య', చెక్క బస్తాలు 'క' అయినచో ధనపు హద్దు 800య + 2400క ≤ 24000. అన్నిటిని 800చే భాగింపగా:

య + 3క ≤ 30

మేత చాలుటకు మొత్తము 16 బస్తాలకు తగ్గరాదు: య + క ≥ 16. చేప బలముగా ఎదుగుటకు చెక్క నాలుగు బస్తాలకు తగ్గరాదు: క ≥ 4.

కొంతకాలము క్రిందటివరకు మన రాష్ట్రపు పదవ తరగతి పాఠ్యపుస్తకములో 'ఏకఘాత ప్రణాళిక' అను పాఠముండెడిది. ఆ పాఠము చదివిన తరములవారికి గ్రాఫు కాగితముపై గీతలు గీచి, గీతకు ఏ వైపు నియమమునకు లోబడునో ఆ వైపు పెన్సిలుతో చారలు పెట్టిన జ్ఞాపకముండును. అన్ని చారలును కలిసిన భాగమును అనుకూల ప్రాంతమనిరి. మన రైతు లెక్కలో ఆ ప్రాంతము ఒక త్రిభుజము. దాని శీర్షములు మూడు: తవుడు 12, చెక్క 4 ఒకటి, తవుడు 18, చెక్క 4 మఱియొకటి, తవుడు 9, చెక్క 7 మూడవది. బస్తాలను ముక్కలుగా కొనరు గాన త్రిభుజములోని పూర్ణసంఖ్యల బిందువులను లెక్కింతము. చెక్క నాలుగైనపుడు తవుడు 12 మొదలు 18 వఱకు ఏడు విధములు. చెక్క అయిదైనపుడు 11 మొదలు 15 వఱకు అయిదు. ఆఱైనపుడు 10 మొదలు 12 వఱకు మూడు. ఏడైనపుడు 9 బస్తాల తవుడుతో ఒకటే. వెరసి 16 విధములు. ధనమంతయు చెల్లించి కొనవలెనన్న సమీకరణము వీనిలో నాలుగింటినే చూపి, తక్కిన పండ్రెండింటిని మఱుగుపఱచియుండెడిది. మఱుగుపడెడి వానిలోనే అన్నిటికంటె చవుకైనది కలదు: 12 బస్తాల తవుడు, 4 బస్తాల చెక్క, వెల 19,200 రూపాయలు, మిగులు 4,800.

ఆ చవుక బేరము త్రిభుజపు మూలలో దొరకుట కాకతాళీయము కాదు. ఒకే వెల గల బేరములన్నియు ఒక సరళరేఖపై నుండును. వెల తగ్గుకొలది ఆ రేఖ తనకు తాను సమాంతరముగా జరుగుచుండును. అట్లు జరుగుచు ప్రాంతమును విడిచిపోవుటకు ముందు అది కట్టకడపట తాకునది ఒక శీర్షమును, లేదా శీర్షములతో ముగియు ఒక అంచును. కావున కోటానుకోట్ల బిందువులను పరీక్షింపనక్కఱలేదు. మూలలను పరీక్షించిన చాలును. 1947లో అమెరికనుడైన జార్జి డాంట్జిగ్ రూపొందించిన ప్రసిద్ధమైన సింప్లెక్సు పద్ధతి ఈ సత్యముపైననే నిలిచి, ఒక మూలనుండి అంతకంటె మేలైన మూలకు నడచుచుండును. అంతకుముందే, 1939లో, లెనిన్‌గ్రాడులో లియొనీద్ కాంతరోవిచ్ ప్లైవుడ్ కర్మాగారముల ఉత్పత్తి సమస్య నుండి బయలుదేరి ఇట్టి లెక్కలనే సాధించెను. ఆయనకు 1975లో నోబెల్ బహుమానము వచ్చినది.

మన చేపమేత లెక్కకు అన్నగారనదగిన లెక్కయు ఆ కాలమునందే కలదు. జార్జి స్టిగ్లర్ అను ఆర్థికశాస్త్రవేత్త 77 ఆహారపదార్థముల ధరలను, తొమ్మిది పోషకముల కనీస పరిమాణములను ముందిడుకొని, ఒక మనుష్యుడు ఏడాదికి ఎంత తక్కువ వ్యయముతో ఆరోగ్యముగా బ్రదుకగలడని ప్రశ్నించి, 1939 ధరలనుబట్టి 39.93 డాలర్లని 1945లో ప్రకటించెను. అది నేర్పుతో వేసిన అంచనాయే గాని నిశ్చయము కాదు. 1947లో డాంట్జిగ్ పద్ధతితో, చేతియంత్రములపై, తొమ్మండుగురు గుమాస్తాలు వేసిన లెక్క 120 పనిదినములకు సమానమైన శ్రమపై తేల్చిన సంఖ్య 39.69. స్టిగ్లర్ అంచనాకును దీనికిని ఏడాదికి 24 సెంట్లే తేడా! అంచనా మేలైనదని తెలియుటకు సైతము అసమీకరణములే కావలసివచ్చినవి.

అనుకూల ప్రాంతము శూన్యమైనపుడు ఏమి చేయవలెనను ప్రశ్న సామాన్య సంసారమునకు అతి సమీపమైనది. రైతు చేతిలో 24,000 గాక 19,000 మాత్రమే యున్నవనుకొందము. అప్పుడు ఎన్ని విధముల సర్దినను మేత కుదురదు. కాని 'నేను వెదకితిని, దొరకలేదు' అనుటకును 'లేదు' అనుటకును ఎంతో భేదము. రెండవ మాటకు ఋజువు కావలెను. ఆ ఋజువు నియమములలోనే దాగియున్నది. మొత్తపు నియమము య + క ≥ 16. చెక్క నియమమును రెండింతలు చేసినచో 2క ≥ 8. ఈ రెండింటిని కూడినచో య + 3క ≥ 24. దానిని మరల 800చే గుణింపగా, నియమములను పాటించు ఏ బేరమైనను 19,200కు తగ్గదని తేలును. పందొమ్మిదివేలతో అది అసాధ్యమని చెప్పుటకు ఒక్క బేరమునైనను పరీక్షింపనక్కఱలేదు. ఒక కూడిక చాలినది. ఇట్టి నియమములకు సాధన యైనను ఉండవలెను, లేదా వానిని తగిన ప్రమాణములలో కలిపినచో వైరుధ్యమైనను బయటపడవలెను, మూడవ మార్గము లేదని హంగరీ దేశీయుడైన గ్యూలా ఫర్కష్ 1902లో ప్రకటించిన సిద్ధాంతపు సారము.

ఆ కూడిక మఱియొక మేలును చేయును. 19,200 అను మొత్తము 800ను 16 మారులును 1,600ను 4 మారులును కూడగా వచ్చినది. అనగా మొత్తము బస్తాల నియమములో ఒక్కొక్క బస్తా 800 రూపాయల భారమును, చెక్క నియమములో ఒక్కొక్క బస్తా 1,600 రూపాయల భారమును మోపుచున్నవి. మొత్తమును 16 నుండి 15కు తగ్గించినచో వెల 18,400 అగును. చెక్కను 4 నుండి 3కు తగ్గించినచో 17,600 అగును. పందొమ్మిదివేలకు లోబడుటకు ఈ రెండింటిలో ఏ సడలింపైనను చాలును. మేత కొఱవడుట మేలా, బలము కొఱవడుట మేలా అని తూచుకొనుట రైతు పని. ఇంటి పద్దు కుదురనపుడు ఆలుమగలు పరస్పరము దుబారా నారోపించుకొనుటకు మాఱుగా తమ నియమములను వరుసగా వ్రాసికొని, దేనిపై ఎంత భారమున్నదో చూచుకొన్నచో కలహమునకు బదులు సంభాషణ జరుగును.

ఇంతవఱకు ధనమునకు వర్తించినది కొల్లేటి నీటికిని వర్తించును. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏఱులు కొల్లేటిలో కలియును. వచ్చిన నీరు సముద్రమునకు పోవుటకు మార్గము ఉప్పుటేరు. సరస్సులోనున్న నీరు, వచ్చుచున్న నీరు కలిసి, పోవుచున్న నీరు తీసివేయగా మిగులునది సరస్సు పట్టగల దానిని మించరాదు. సరస్సులో మిగిలియున్న చోటును, గంటకు వచ్చు నీటికిని పోవు నీటికిని గల తేడాచే భాగించినచో, ముంపునకు ముందు ఎన్ని గంటల వ్యవధి యున్నదో తెలియును. హాస్టలు విద్యార్థి 3,500ను 140చే భాగించి 25 దినములని తెలిసికొన్న లెక్కయే యిది.

కొల్లేటి అభయారణ్యపు సరిహద్దు సైతము ఒక అసమీకరణమే. 1999లో ప్రభుత్వము దీనిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినపుడు సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తుగల కాంటూరును, అనగా సమోన్నతరేఖను, హద్దుగా గైకొన్నది. నేల ఎత్తు 'య' అయినచో, య ≤ 5 అను నియమమునకు లోబడిన సరస్సు భూమియంతయు, దాదాపు 308 చదరపు కిలోమీటర్లు, దాని లోపలిది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలో చేరినది. 2006లో ఆ హద్దులోపల వెలసిన చేపల చెఱువుల గట్లను కూల్చిరి. అటుపిమ్మట హద్దును మూడడుగుల కాంటూరునకు తగ్గింపవలెనని 2008లో శాసనసభ తీర్మానించినది. గుర్తు అదియే, ఎడమవైపు రాశి అదియే. కుడివైపు 5 పోయి 3 వచ్చినచో అభయారణ్యము 308 నుండి 135 చదరపు కిలోమీటర్లకు కుంచించుకొనును. సరస్సు పళ్ళెమువలె లోతు తక్కువై అంచులు ఏటవాలుగా పఱచుకొన్నది గాన, రెండడుగుల ఎత్తులో సగమునకు మించిన నేల ఇమిడియున్నది.

ఆ రెండడుగుల భారమును ఎవరు మోయుదురన్నది అచ్చటి వివాదమునకు మూలము. హద్దు అయిదైనచో చెఱువులపై బ్రదుకు రైతులును, లంకగ్రామములవారును కొంత కోల్పోవుదురు. మూడైనచో పక్షులకు మేతనేలలును, వరదనీటికి పఱచుకొను చోటును కొఱవడును. ఈ రెండు నష్టములలో ఏది సహింపదగినదో గణితము తీర్పు చెప్పదు. కుడివైపు సంఖ్యను ఒక అడుగు జరిపినచో ఏ పక్షమున ఎంత పెరుగునో, ఏ పక్షమున ఎంత తఱుగునో అది ముందుగా లెక్కకట్టి యియ్యగలదు. కావున శాసనసభలోనైనను, పంచాయతీలోనైనను, ఇంటిలోనైనను ఒక నియమమును సడలింపుమని అడుగువారు, సడలింపుతోపాటు ఆ లెక్కనుకూడ చేతబట్టుకొని రావలెనని కోరుట న్యాయమే.